తోక లేని ర్యాలీ

గేటు నంబర్ 14, రింగు రోడ్డు. పగటి షిఫ్టు. రాస్తున్నది పుష్పలీల.

నమోదు 203. సోమవారం. ఖాళీ 38 నిమిషాలు.

ఇది ఆఫీసు రిజిస్టరు కాదు. దాన్ని తెర మీద నింపుతాం. అందులో నాలుగే గడులు: ర్యాలీ తల వచ్చిన సమయం, తోక వెళ్ళిన సమయం, ఆగిన బండ్లు, ప్రమాదాలు. నాకు కావలసిన గడి అందులో లేదు. తోక వెళ్ళాక మళ్ళీ తల వచ్చేలోపు రోడ్డు ఎంతసేపు ఖాళీగా ఉందని అడిగే గడి. అందుకే ఈ నోటు పుస్తకం పెట్టుకున్నాను.

ఇవాళ తల 6.10కి వచ్చింది. తోక బండి, అంటే వెనక ఎర్రగుడ్డ కట్టుకున్న ఆఖరి బైకు, 6.56కి వెళ్ళింది. తోక పోయిందని గేటు గదిలోని వేలిముద్ర పలక మీద బొటనవేలు పెట్టాను. అప్పటిదాకా ఆగిన బండ్లన్నీ కదిలాయి. అందులో మూడోది ఆస్పత్రి వ్యాను. అందులో ఓదెలు ఉన్నాడు. ఓదెలు నా భర్త. సోమవారం, గురువారం డయాలసిస్. ఆస్పత్రి రోడ్డుకు అవతల ఉంది, నా గేటు నుంచి కిటికీలు కనిపిస్తాయి. ఇల్లు ఇవతల, ఊళ్ళో ఉంది. మధ్యలో నాలుగు వరుసల రోడ్డు, దాని మీద ర్యాలీ.

వ్యానులో డ్రైవర్ ఉండడు. రోడ్డు పొమ్మంటే పోతుంది, ఆగమంటే ఆగుతుంది. ఐదు వందల బైకులు ఒకదాని వెనక ఒకటి ఆరు సెకన్ల ఎడం కూడా లేకుండా పోతే రోడ్డు వాటన్నిటినీ కలిపి ఒకే బండి అనుకుంటుంది. ఒక బండి సగం దాటాక సిగ్నల్ మారదు కదా, అలాగన్నమాట. కానీ ఆ బండి ఎక్కడ అయిపోయిందో రోడ్డుకు తెలియదు. కళ్ళున్న మనిషి చూసి వేలు పెట్టాలి. నేను పన్నెండేళ్ళుగా ఆ వేలి మీద బతుకుతున్నాను.

నమోదు 206. గురువారం. ఖాళీ 35.

ఓదెలును ఎక్కించి వచ్చాను. దారిలో వ్యాను కిటికీలోంచి నా గేటు చూసి చెయ్యి ఊపుతాడు. ఇవాళ ఊపలేదు. నిద్రపోయి ఉంటాడు.

డ్రైవర్ లేని లారీలు కొత్తగా వచ్చిన ఏడాది ఒక్క వారంలో పందొమ్మిది మంది బైకులవాళ్ళను తొక్కేశాయి. ర్యాలీ వాళ్ళ కోసం మొదలైంది. ఒకే బండి అనే చట్టం కూడా అప్పుడే వచ్చింది. అప్పుడు నేను కూడా చప్పట్లు కొట్టాను. మొదట్లో ర్యాలీ ఊరి మధ్య నుంచి పోయేది. కూరగాయల సంత, బడి, బస్టాండు, అన్నీ గంటసేపు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. దాన్ని రింగు రోడ్డు మీదికి మార్చమని అర్జీ రాసింది నేనే. నాలుగు వందల సంతకాలు నేనే తిరిగి పెట్టించాను. మారినప్పుడు వార్డు ఆఫీసులో నాకు శాలువా కప్పారు. గుండ్రటి రోడ్డు కాబట్టి ర్యాలీవాళ్ళకూ నచ్చింది. ప్రదక్షిణ లాగా రోజూ మూడు చుట్లు పెట్టుకున్నారు. గుండ్రటి రోడ్డు మీద పొడవైనదాన్ని వదిలితే ఏమవుతుందో ఆ నాలుగు వందల మందిలో ఒక్కరూ ఆలోచించలేదు. నేను కూడా ఆలోచించలేదు.

నమోదు 213. గురువారం. ఖాళీ 27.

తోక బండి నడిపే మల్లేశం ఇవాళ గేటు దగ్గర కాసేపు ఆగాడు. మొదటి ర్యాలీ నుంచీ ఉన్న మనిషి. పోయిన పందొమ్మిది మందిలో ఒకరు ఆయన బావమరిది. ముందు బైకుల మీద ఎవరున్నారో ఈ మధ్య తనకే తెలియడం లేదన్నాడు. పాలవాళ్ళు, టీచర్లు, మిల్లు పనివాళ్ళు. రోడ్డు దాటడానికి ఆగే బదులు ర్యాలీలో దూరి, ఒక చుట్టు తిరుగుతూ పక్క వరుసలకు జరిగి, అవతలి వైపు దిగిపోతున్నారట. వాళ్ళు దూరితే ర్యాలీ పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగితే ఆగేవాళ్ళు పెరుగుతారు. ఆగేవాళ్ళు విసిగి దూరతారు. ఇదంతా చెప్పి వచ్చే వారం నుంచి తాను రానన్నాడు. ఎర్రగుడ్డ ఎవరో కుర్రాడికి ఇచ్చాడట.

సాయంత్రం లెక్క వేశాను. రోడ్డు నలభై రెండు కిలోమీటర్లు. ర్యాలీ వేగం గంటకు ముప్పై. చుట్టు తిరగడానికి ఎనభై నాలుగు నిమిషాలు. ఇవాళ ర్యాలీ నా ముందు నుంచి పోవడానికి యాభై ఏడు నిమిషాలు పట్టింది. అది ఎనభై నాలుగు అయిన రోజు తల వచ్చి తోకను తగులుకుంటుంది. ఇది ఐదో తరగతి లెక్క.

నమోదు 215. శనివారం. ఖాళీ 24.

పై ఆఫీసుకు ఫోన్ చేశాను. అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఖాళీ అనే గడి తన తెర మీద లేదంది. ప్రమాదాలు ఎన్ని అని అడిగింది. సున్నా అన్నాను. అయితే మంచిదే కదా అంది. కాలినడక వంతెన సంగతి అడిగాను. జెండాలు తగులుతాయని ర్యాలీ కమిటీ ఒప్పుకోలేదట. కమిటీకి నోటీసు ఇవ్వమన్నాను. కమిటీలో ఇప్పుడెవరున్నారో తేలితే ఇస్తామంది. ఫోన్ పెట్టేశాను.

నమోదు 220. గురువారం. ఖాళీ 14.

ఆగిన బండ్లు 611. పద్నాలుగు నిమిషాల్లో అన్నీ దాటలేదు. ఓదెలు వ్యాను రెండో ఖాళీలో దాటింది. నాలుగు గంటల మిషన్‌ను మూడు గంటలే పెట్టారు.

నమోదు 222. శనివారం. ఖాళీ 9.

ఓదెలు కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. ఆయన దాన్ని చూపించి, నీ పలక కంటే నా కాలు మీదే వేలిముద్ర బాగా పడుతోంది చూడు అని ఆటపట్టించాడు. నాకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. ఏదో ఒకటి వస్తుందని కాసేపు చూసి లేచి అన్నం వండాను.

నమోదు 224. సోమవారం. ఖాళీ లేదు.

తల 6.10కి వచ్చింది. 7.30 దాకా లెక్కపెడుతూనే ఉన్నాను. 7.34కి తల మళ్ళీ రావాలి. వచ్చే ఉంటుంది. ఎర్రగుడ్డ నాకు కనిపించలేదు. బైకుల వెనక బైకులు, వాటి వెనక బైకులు. మూడు చుట్లు అయ్యాక తల సంత దగ్గర పక్కకు తిరగాలి. కానీ తలకు ముందు కూడా బైకులే ఉన్నాయి, తాను తలనని దానికి ఎలా తెలుస్తుంది. ముందున్నవాడి వెనక పోవడం ఒక్కటే ర్యాలీలో అందరికీ తెలిసిన పని.

ఓదెలు వ్యానులో సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఐదింటికి దింపి ఇంటికి తీసుకుపోయాను.

నమోదు 225. మంగళవారం.

అలాగే ఉంది. కొందరు దిగుతున్నారు, దిగినంత మంది ఎక్కుతున్నారు. నడిచి దాటబోయి ఇద్దరు కాళ్ళు విరగ్గొట్టుకున్నారు.

నమోదు 226. బుధవారం.

ఆగిన బండ్లు 2,940. తెరలో ఆ గడికి మూడంకెలే పడతాయి, 999 అని రాశాను.

మధ్యాహ్నం ఆగినవాళ్ళంతా గేటు గదికి వచ్చారు. కొట్లాటకు రాలేదు, అలసిపోయి ఉన్నారు. నాతో షిఫ్టు మారే కనకరాజు వాళ్ళందరి మాటా తానే చెప్పాడు.

“వేలు పెట్టక్కా. తోక పోయిందని నువ్వు పెడితే ఎవడడుగుతడు? మీ ఆయన పానం కూడ దాని మీదనే ఉన్నది.”

నేను పెడితే ఏమవుతుందో వాడికీ తెలుసు. ఆగిన బండ్లు తమ ముందు ఏమున్నా చూడవు, నా వేలినే నమ్ముతాయి. మూడు వేల బండ్లు ఒక్కసారిగా బైకుల మీదికి పోతాయి. వాడికి ఆ మాట గుర్తు చేయలేదు. ఇంకోసారి అడిగితే పెట్టేస్తానేమో అని భయం వేసింది. షిఫ్టు అయ్యేదాకా బొటనవేలిని పిడికిట్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి పోయేసరికి ఓదెలు పడుకోలేక గోడకు దిండు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. నర్సుకు ఫోన్ చేశాను. గురువారం కూడా తప్పితే శుక్రవారం తీసుకురావలసిన పని ఉండదేమో అంది. మంచి పిల్ల, ఉన్న మాట చెప్పింది.

నమోదు 227. గురువారం. ఆస్పత్రిలో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున గేటు కనకరాజుకు అప్పగించాను. ఓదెలును నా స్కూటీ వెనక ఎక్కించి, పాత నేత చీర ఒకటి ఇద్దరికీ చుట్టి నా నడుము దగ్గర ముడి వేశాను. అది చూసి, పీటల మీద కొంగుముడి వేసినప్పుడు కూడా ఇంత గట్టిగా వేయలేదు అన్నాడు. తర్వాత ఇక మాట్లాడలేదు. వీపు మీద ఆయన ఊపిరి చప్పుడు వింటూ 7.10కి ర్యాలీలో దూరాను.

నాలుగు వరుసలు. ఊరి వైపుది ఒకటి, ఆస్పత్రి వైపుది నాలుగు. నేను ఒకటిలో ఎక్కాను, నాలుగుకు పోవాలి. పన్నెండేళ్ళు గట్టు మీద నిలబడి చూసినదాన్ని, అది ఎంత ఇరుకో నాకు తెలియదు. హ్యాండిల్‌కు హ్యాండిల్ తగులుతోంది. ఒక చుట్టు తిరిగేసరికి రెండో వరుసకు మాత్రం జరిగాను. నా గేటు పక్క నుంచి పోతుంటే కనకరాజు నా వైపు చూశాడు కానీ నన్ను గుర్తుపట్టలేదు. అంతమందిలో ఎవరైనా ఒకటే.

రెండో చుట్టులో పక్క వరుసలో, అంటే మూడో దానిలో, ఒకామె కలిసింది. యాభై ఏళ్ళు ఉంటాయి. మెరూన్ చీర, హ్యాండిల్‌కు స్టీలు డబ్బా. పేరు వజ్రమ్మ అంది. ఆమెది అవతలి ఊరు. కూతురు నవనీత మా ఊళ్ళో హాస్టల్‌లో ఉండి నర్సింగ్ చదువుతోందట. గురువారం గురువారం సర్వపిండి తీసుకుపోతుందట. పద్నాలుగో గేటు దగ్గర పిల్ల వచ్చి నిలబడుతుంది, తాను ఈ పక్కకు దిగాలి అంది. నేను ఆ పక్కకు దిగాలి. ఆమెకు నేను అడ్డం, నాకు ఆమె అడ్డం. పొద్దున్నుంచి ఇది ఆమెకు మూడో చుట్టు.

ర్యాలీవాళ్ళు ఎవరైనా తెలుసా అని అడిగాను. ముందు పోతున్న నలుగురిని అడిగి చెప్పింది. వాళ్ళూ దాటేవాళ్ళే. వెనక వస్తున్నవాళ్ళను నేను అడిగాను. వాళ్ళలో పెళ్ళికి పోయేవాళ్ళు ఇద్దరు, కరెంటాఫీసుకు పోయే ఒకతను. మా ఇద్దరికి చెరో పక్క, మాకు సమంగా ఇంకో ఇద్దరు పోతున్నారు. ఊరి వైపు చివర ఒక లెక్కల టీచరు, ఆస్పత్రి వైపు చివర చెవులకు గుడ్డ కట్టుకున్న ముసలాయన. ర్యాలీ చేద్దామని వచ్చిన మనిషి మాకు ఒక్కడూ దొరకలేదు. ఆ మాట అనుకుంటే గుండెలో ఏదో జరగాల్సింది. ఏమీ జరగలేదు. ఓదెలు ఊపిరి గురక లాగా మారింది, దాన్నే వింటున్నాను.

“అక్కా, మన నలుగురం ఒక్కతీరుగ మెల్లగై ఆపితే ముందట జాగ అయితది,” అన్నాను. “ఆరు సెకన్లు చాలు. తోక పోయిందని గేటు కాడున్నోడు వేలు పెడతడు. ఎవరి దిక్కు వాళ్ళం దిగొచ్చు.”

“ఎనకోళ్ళు గుద్దరా?”

“చెయ్యెత్తుదం. వాళ్ళకు గూడ దిగుడే గావాలె గద.”

ఆమె నా వెనక ఓదెలు తల వాలి ఉండడం చూసింది. సరే చెల్లె, నువ్వు లెక్కపెట్టు అంది. టీచరు తలూపాడు. ముసలాయనకు ఆమే చెప్పింది. గేటు ఇంకా మూడు వందల గజాలు ఉందనగా చేతులెత్తాం. నేను ఒకటి, రెండు, మూడు అన్నాను. ఆపాం.

ముందు రోడ్డు ఖాళీ అయింది. నేను ఎడమకు తిప్పాను. వెనక చప్పుడైంది, చాలా చప్పుడు, ఒకదాని మీద ఒకటిగా. నేను వెనక్కి చూడలేదు. ఎందుకు చూడలేదో ఇక్కడ రాస్తున్నాను: చూస్తే ఆగేదాన్ని. గేటు దగ్గర కనకరాజు ఖాళీ రోడ్డు చూసి వేలు పెట్టినట్టున్నాడు, ఆగిన బండ్లు నా పక్క నుంచి పోయాయి. 10.02కి ఆస్పత్రి మెట్ల దగ్గర ముడి విప్పాను. ముడి బిగుసుకుపోయి రాకపోతే నర్సు కత్తెరతో చీర కోసింది.

10.15కి మిషన్ పెట్టారు. ఒంటిగంటకు ఓదెలు కళ్ళు తెరిచి నీళ్ళు అడిగాడు. ఎక్కువ తాగకూడదని చెంచాతో పోశాను. అప్పుడు నాకు సంతోషం కలిగింది. అది నిజమే, దాచను.

వరండాలోకి వస్తే స్ట్రెచర్ మీద మెరూన్ చీర కనిపించింది. మొహం కప్పి ఉంది. కాళ్ళ దగ్గర స్టీలు డబ్బా పెట్టారు, మూత ఊడలేదు. పదకొండు మందికి దెబ్బలు తగిలాయి, ఈమె ఒక్కతే పోయింది అని నర్సు చెప్పింది. పేరు తెలియదట. పోలీసులకు చెప్పారా అని అడిగాను. ర్యాలీ ఒకే బండి కాబట్టి ఒక బండి తనను తాను గుద్దుకోవడం ప్రమాదం కిందికి రాదట. కాగితం రాదు, కబురూ పోదు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే అప్పగిస్తారట.

నేను ఆమె పేరు చెప్పలేదు. చెబితే నీకెలా తెలుసు అని అడుగుతారు. వెళ్ళి ఓదెలు పక్కన కూర్చున్నాను.

నమోదు 228. శుక్రవారం. ఖాళీ 26.

నిన్న ఆగిన ఆ కాస్త సమయంలో చాలామంది దిగిపోయారు. ర్యాలీకి మళ్ళీ తల, తోక ఉన్నాయి. ఓదెలును వ్యానులోనే ఇంటికి తెచ్చాను. పొద్దున కాళ్ళ వాపు తగ్గింది, ఉప్మా చేయమన్నాడు. సోమవారం మళ్ళీ పోవాలి.

డ్యూటీకి వచ్చేసరికి గేటు గది అరుగు మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. నర్సింగ్ వాళ్ళ తెల్ల కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. నిన్న పొద్దున్నుంచి వస్తూ పోతూ ఉందని కనకరాజు చెప్పి ఇంటికి పోయాడు. నేను గదిలోకి పోయాను. తెరలో నిన్నటి గడులు నింపాను. ప్రమాదాల దగ్గర ఒకటి కొడితే అది తిరిగి సున్నా అయింది. రెండోసారి కొట్టినా అంతే. ఆ పిల్లే లోపలికి వచ్చింది.

“మేడం, నిన్న ర్యాలీల ఎవరన్న పడ్డరా? మా అమ్మ ఫోన్ ఎత్తుతలేదు. ఆఫీసుకు చేస్తే ఏం కాలేదంటున్నరు.”

ఆఫీసువాళ్ళు అన్నదే నేనూ అనొచ్చు. నోటిదాకా వచ్చింది. పిల్ల కళ్ళ కింద నల్లగా ఉంది. నువ్వు నవనీతవా అని అడిగాను. అవునంది, అప్పుడే ఆమెకు సగం అర్థమైంది, తలుపు పట్టుకుంది.

చెప్పాను. ఆస్పత్రిలో ఎక్కడ ఉన్నదో చెప్పాను. పక్కన ఉన్నది నేనేనని, నా భర్త కోసం ఆపుదామని అడిగింది నేనేనని చెప్పాను. ఆమె ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.

“అందరు ఒక్కసారే ఆపిండ్రా మేడం?”

నిన్న ఈ పుస్తకంలో ఆపాం అని రాశాను.

“లేదు బిడ్డా,” అన్నాను. “మూడు అన్నది నేనే. మీ అమ్మ ఆపింది. ఆమె ఆపిందా లేదా అని చూసి, గప్పుడు నేను ఆపిన.”